మాట పోయినా ఊరిపేరు మిగిలింది

వైకింగులు అనగానే మనలో చాలామందికి సినిమాల్లో చూసిన బొమ్మే కళ్ల ముందు మెదులుతుంది. కొమ్ముల టోపీ, ఎర్రగడ్డం, చేతిలో గొడ్డలి, పడవ దిగీ దిగగానే దోపిడి. ముందుగా ఆ కొమ్ముల సంగతి తేల్చేద్దాం. వైకింగులు కొమ్ముల టోపీలు పెట్టుకుని యుద్ధానికి వెళ్లారనడానికి ఆధారమేమీ లేదు. 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకాలు ఆడినప్పుడు వేషధారణ చూసిన చిత్రకారుడు తగిలించిన కొమ్ములవి. అక్కడి నుంచి పుస్తకాల్లోకి, సినిమాల్లోకి పాకాయి. పౌరాణిక నాటకంలో పరదా మీది మేడను చూసి హస్తినాపురం అచ్చం అలాగే ఉండేదనుకోవడం లాంటిదే ఇదీ.

దోపిడి మాత్రం అబద్ధం కాదు. 793లో ఇంగ్లండు ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ దీవి మీద పడి అక్కడి క్రైస్తవ మఠాన్ని దోచుకున్నారు. ఆ తరువాత చాలాకాలం ఆ తీరాలకు కంటిమీద కునుకు లేదు. అయితే ఈసారి నేను చెప్పదలచుకున్నది దోచుకుని వెళ్లిపోయినవాళ్ల కథ కాదు, వచ్చి ఉండిపోయినవాళ్ల కథ. పరాయి గడ్డ మీద పొలం దున్నుకుని, పక్క ఊరివాళ్లతో వియ్యమంది, కొన్ని తరాలు గడిచేసరికి తమ భాషే మరచిపోయినవాళ్ల కథ. పుట్టిన నేల ఒకటి, బతికే నేల ఒకటి అయిన మన పాఠకులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదని నా నమ్మకం.

ఇంగ్లండుకు వాయవ్యాన, ఐరిష్ సముద్రం ఒడ్డున, విర్రల్ అని ఒక చిన్న ద్వీపకల్పం ఉంది. ఒక పక్క డీ నది, మరో పక్క మెర్సీ నది. మెర్సీకి ఆవలి ఒడ్డునే లివర్‌పూల్ నగరం. పొడవు సుమారు 24 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 11 కిలోమీటర్లు. పటంలో చూస్తే చిటికెనవేలంత. అక్కడికి వైకింగులు నేరుగా నార్వే నుంచి రాలేదు. వాళ్ల తాతలు నార్వే వదలి ఐర్లండు చేరి, 841లో డబ్లిన్‌లో పడవల రేవు, కోట కట్టుకున్నారు. రెండు తరాలు గడిచాక 902లో ఐరిష్ రాజులు వాళ్లను అక్కడి నుంచి తరిమేశారు. అంటే విర్రల్ చేరినవాళ్లు రెండోసారి ఊరు వదలినవాళ్లు.

వాళ్ల నాయకుడి పేరు ఇంగిముండ్ అని ఒక పాత ఐరిష్ చరిత్ర చెబుతుంది. ముందు వేల్స్ తీరంలోని ఆంగ్లెసీ దీవిలో దిగబోతే అక్కడివాళ్లు నిలవనివ్వలేదు. అప్పుడు మెర్షియా రాజ్యాన్ని ఏలుతున్న ఎథెల్‌ఫ్లెడ్ దగ్గరకు వెళ్లాడట. ఈమె ప్రసిద్ధుడైన ఆల్‌ఫ్రెడ్ రాజు కూతురు. భర్త జబ్బుపడి ఉండగా పాలనంతా తానే చూసేది. యుద్ధాలతో విసిగిపోయాం, ఇల్లు కట్టుకోవడానికి కాస్త నేల ఇప్పించమ్మా అని ఇంగిముండ్ అడిగాడట. ఆమె చెస్టర్ పట్టణం దగ్గర భూములిచ్చింది.

కథ అంతటితో ఆగితే ఎంతో బాగుండేది. కొన్నాళ్లకు వాళ్ల కళ్లు చెస్టర్ మీద పడ్డాయి. ఇచ్చిన నేల సారం లేనిదనీ, పట్టణం చుట్టూ మంచి నేల ఉందనీ తమలో తాము గొణుక్కుని ఒకరోజు పట్టణం మీదికి వచ్చారు. లోపలివాళ్లు గోడల మీది నుంచి సలసల కాగే బీరు కుమ్మరించారనీ, చివరికి ఊళ్లో ఉన్న తేనెపట్టు గూళ్లన్నీ తెచ్చి వాళ్ల మీదికి విసిరారనీ ఆ గ్రంథం చెబుతుంది. తేనెటీగల దెబ్బకు కాళ్లూ చేతులూ కదపలేక వెనుదిరిగారట. ఈ గ్రంథం మనకు దొరికింది 17వ శతాబ్దపు నకలు రూపంలో కనుక బీరు, తేనెటీగల సంగతి ఎంతవరకు నమ్మాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. 907లో చెస్టర్ కోటను మళ్లీ బాగుచేశారని ఇంగ్లీషువారి వార్షిక చరిత్రలో మాత్రం స్పష్టంగా ఉంది. భయం నిజమే అన్నమాట.

సరే, వచ్చారు, పోట్లాడారు, తరువాత కుదురుకున్నారు. కుదురుకున్నారని ఎలా తెలుసు? మొదటి సాక్ష్యం ఊళ్ల పేర్లు. విర్రల్‌లో వెస్ట్ కిర్బీ, ఇర్బీ, గ్రీజ్‌బీ, పెన్స్‌బీ, రేబీ అని వరసగా 'బీ'తో ముగిసే ఊళ్లున్నాయి. నార్వే వారి పాత భాషలో ఆ మాటకు పల్లె, కమతం అని అర్థం. మన 'పల్లి', 'పాడు' లాంటిదే. కిర్బీ అంటే చర్చి ఉన్న పల్లె. ఇర్బీ అంటే ఐరిష్‌వాళ్ల పల్లె, డబ్లిన్ నుంచి వీళ్లతో కలిసి వచ్చినవాళ్లది కావచ్చు. రేబీ అంటే పొలిమేర పల్లె, వాళ్ల నేల అక్కడితో సరి అన్నమాట. గ్రీజ్‌బీది మరో ముచ్చట. 1086లో రాజు రాయించిన డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో ఆ ఊరి పేరు ఇంగ్లీషు తోక తగిలించుకుని 'గ్రేవ్స్‌బెరీ' అని ఉంది. తరువాత ఆ తోక పోయి 'బీ' వచ్చి చేరింది. అంటే కొత్తవాళ్లు తమ ఊళ్లకు పేర్లు పెట్టుకోవడమే కాదు, ఉన్న ఊరి పేరునూ తమ నోటికి తగ్గట్టు తిప్పుకున్నారు.

అన్నిటికన్నా విలువైన పేరు థింగ్‌వాల్. ఆ భాషలో 'థింగ్' అంటే సభ, పంచాయితీ. థింగ్‌వాల్ అంటే సభ జరిగే మైదానం. ఐస్‌లాండులో 'థింగ్‌వెల్లిర్', మాన్ దీవిలో 'టిన్‌వాల్డ్', స్కాట్లండులో 'డింగ్‌వాల్' అన్నీ ఈ మాట అక్కచెల్లెళ్లే. వాళ్లు ఎక్కడ గుంపుగా స్థిరపడితే అక్కడ సంవత్సరానికి కొన్ని రోజులు కూడి తగవులు తీర్చుకునేవారు, చట్టం చదివి వినిపించుకునేవారు. చిటికెనవేలంత విర్రల్‌లోనూ ఆ సభ ఉందంటే, వాళ్లు చెల్లాచెదురుగా కాక ఒక సమాజంగా బతికారన్నమాట. సంఘం పెట్టుకోవడం మనకొక్కరికే తెలిసిన విద్య కాదు!

ఇక రెండో సాక్ష్యం సముద్రం ఇచ్చింది. విర్రల్ ఉత్తర తీరాన మెల్స్ అని ఒక ఊరుంది. ఆ పేరుకు ఇసుక దిబ్బలని అర్థం, అదీ వాళ్ల మాటే. 19వ శతాబ్దంలో అక్కడి తీరాన్ని సముద్రం కోసేస్తూ వచ్చింది. ఇసుక కొట్టుకుపోయిన చోట మునిగిపోయిన పాత అడవి చెట్ల మొదళ్లు బయటపడ్డాయి. వాటి మధ్య నల్లమట్టిలో చిన్నచిన్న లోహపు వస్తువులు కనిపించడం మొదలైంది. జాలరులు, వాళ్ల పిల్లలు ఏరి ఇళ్లకు తెచ్చుకునేవారు. 1846లో అబ్రహాం హ్యూమ్ అనే మతాచార్యుడు పక్కనున్న హాయ్‌లేక్ ఊరికి వెళ్లినప్పుడు ఒక ఇంటి అలమర మీద అలాంటి వస్తువులు కొన్ని చూశాడు. ఇవి చెత్త కాదని ఆయనకు తట్టింది. అక్కడి నుంచి జాలరుల దగ్గర అడిగి తెలుసుకుని, సేకరించి, బొమ్మలు వేయించి 1863లో మెల్స్ మీద ఒక పుస్తకమే అచ్చువేశాడు.

ఆయనా, ఆయన తరువాతివాళ్లూ పోగుచేసినవన్నీ కలిపితే 3000 పైచిలుకు. రాతియుగం పనిముట్లున్నాయి, రోమన్ నాణేలున్నాయి, మధ్యయుగం నాటి కట్టుగొలుసులూ చేపల గాలాలూ ఉన్నాయి. వాటి మధ్యలో డబ్లిన్ వైకింగుల రకం పిన్నులు. తలకు ఉంగరం తొడిగిన పొడుగాటి సూదులవి, భుజం మీద దుప్పటి జారకుండా గుచ్చుకునేవి. నడికట్టు బిళ్లలు, పానపాత్రగా వాడే కొమ్ముకు వేసే తొడుగు, ఆయుధాలు కూడా దొరికాయి. ఏ రాజు బొక్కసమూ కాదు. బజారుకు వచ్చినవాళ్లు జారవిడుచుకున్నవి, తెగిపోతే పారేసినవి. మెల్స్ ఒకప్పుడు పడవలు ఆగే రేవు, సంత జరిగే చోటు అని చరిత్రకారులకు చెప్పినవి ఈ పారేసిన వస్తువులే.

బొక్కసాలు వేరేచోట్ల దొరికాయి. విర్రల్‌కు ఉత్తరంగా, ప్రెస్టన్ పట్టణం దగ్గర క్యూర్‌డేల్‌లో 1840 మే 15న కూలీలు రిబుల్ నది గట్టు బాగుచేస్తుంటే సీసపు పెట్టె ఒకటి పారకు తగిలింది. అందులో 8600కు పైగా వెండి వస్తువులు. దాదాపు 7000 నాణేలు, తక్కినవి కడ్డీలు, నరికిన నగల ముక్కలు. బరువు 40 కిలోల దాకా ఉంది. ఇంగ్లండువి, ఫ్రాన్సువి, ఇటలీవే కాక అరబ్బు దేశాల నాణేలూ ఉన్నాయి. దాచిన కాలం 905-910 ప్రాంతం, అంటే డబ్లిన్ నుంచి తరిమేసిన కొద్ది ఏళ్లకే. తిరిగి డబ్లిన్ పట్టుకోవడానికి కూడబెట్టిన సొమ్మని పలువురి ఊహ. మళ్లీ 2004లో చెస్టర్‌కు దగ్గరలోని హక్స్‌లీ పొలాల్లో 22 వెండి వస్తువులు దొరికాయి. 21 చేతి కడియాలు, ఒక కడ్డీ. కడియాలను తొడుక్కోవడానికి కాక దాచడానికి వీలుగా చదునుగా అణగగొట్టారు. ఇల్లు వదిలేటప్పుడు నగలు మూటగట్టి నేలలో పాతిపెట్టడం, తిరిగి రాలేకపోవడం, ఏ దేశంలోనైనా ఒకటే కథ.

మూడో రకం సాక్ష్యం రాళ్లలో ఉంది. వెస్ట్ కిర్బీ చర్చి సెయింట్ బ్రిజిట్ అనే ఐరిష్ సాధ్వి పేరిట వెలసింది. అక్కడ పంది వీపులా వంగిన పొడుగాటి సమాధి రాయి ఒకటుంది. పైన పెంకుటింటి కప్పులా చెక్కారు. ఈ రకం రాళ్లు స్కాండినేవియన్లు స్థిరపడ్డ ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండు ప్రాంతాల్లోనే ఎక్కువ. 2004లో బిడ్‌స్టన్ అనే చోట ఒక ఇంటి పెరట్లో ఇలాంటిదే చిన్నరాయి మరొకటి బయటపడింది. వాళ్లు చర్చికి వెళ్లేవారయ్యారు, కాని సమాధి మాత్రం తమ పద్ధతిలోనే కట్టుకున్నారు.

ఒక పడవ కథ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1938లో మెల్స్‌లో రైలు స్టేషను దగ్గరి సారాదుకాణం పడగొట్టి మళ్లీ కడుతున్నారు. తవ్వుతుంటే మట్టిలో పాత పడవ చెక్కలు కనబడ్డాయి. ఆ సంగతి పైకి తెలిస్తే పని ఆగిపోతుందని మేస్త్రీ వెంటనే పూడ్పించేశాడు. పనివాళ్లలో ఒకాయన మాత్రం ఎక్కడ, ఎంత లోతున, ఎలా ఉందో గుర్తుపెట్టుకుని రాసుకున్నాడు. 1991లో ఆయన కొడుకు ఆ వివరాలతో ఒక పటం గీసి ఇచ్చాడు. దాని ఆధారంగా 2007లో నేలలోకి తరంగాలు పంపే రాడారుతో వెదికితే, చెప్పిన చోటే పడవలాంటి ఆకారం అడుగున ఉన్నట్టు కనిపించింది. ఇప్పుడది దుకాణం వాహనాలు నిలిపే చోటి కింద ఉంది. చెక్కలు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేట్టు మేకులు కొట్టిన పద్ధతి వైకింగులదే. కాని ఆ పద్ధతి వాళ్ల తరువాత కూడా వందల ఏళ్లు సాగింది కాబట్టి, అంతమాత్రాన అది వైకింగు పడవే అని చాటడం తొందరపాటవుతుంది.

తొందరపాటు చరిత్రలో ఎప్పుడూ ఉండే జబ్బే. విర్రల్‌లోనే థర్‌స్టాస్టన్ దగ్గర గుట్ట మీద పెద్ద ఎర్ర ఇసుకరాయి ఒకటి ఉంది. అది వైకింగుల ఇంద్రుడనదగ్గ థోర్ దేవుడికి బలులిచ్చిన రాయి అని 19వ శతాబ్దంలో ఒక కథ పుట్టింది. నిజానికి అది గాలికీ వానకూ అరిగిన మామూలు రాయి. ఊరి పేరు దేవుడి నుంచి కాక థోర్‌స్టెయిన్ అనే ఒక ఆసామి పేరు నుంచి వచ్చింది. నాకైతే దేవుడి కథ కన్నా ఆసామి కథే బాగుంది. ముందు పేరు నార్వేది, వెనక 'టన్' అనే తోక ఇంగ్లీషుది. ఒక్క ఊరిపేరులో రెండు భాషలూ వియ్యమందాయి. మా కోయంబత్తూరు పక్కన పెరియనాయక్కన్‌పాళయం అనే పేరు విన్నప్పుడల్లా నాకు నాయకరాజుల కాలం గుర్తుకొస్తుంది. ఊరిపేరు పలికేవాడి భాష మారవచ్చు, పేరు తన దారిన తాను సాక్ష్యం చెబుతూనే ఉంటుంది.

ఇక వాళ్ల భాష ఏమయింది? విర్రల్‌లో ఇవాళ నార్వే పాత భాష మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. కాని ఇంగ్లీషు మాట్లాడే ప్రతివాడూ ఆ భాష ముక్కలు మాట్లాడుతున్నాడు. విర్రల్ వాళ్లూ, అంతకన్నా ఎక్కువ సంఖ్యలో తూర్పు ఇంగ్లండులో స్థిరపడిన డేన్‌లూ ఇచ్చిన మాటలవి. ఎగ్, నైఫ్, స్కిన్, లెగ్, రాంగ్, లా, హస్బెండ్ అన్నీ వాళ్లవే. అంతెందుకు, దే, దెమ్ అనే సర్వనామాలు కూడా. మన సంఘం బైలాల్లోని 'లా' తప్పకుండా వాళ్లది, 'బై' కూడా బహుశా ఇందాకటి పల్లె 'బీ'యే. విండో అనే మాటకు వాళ్ల భాషలో గాలి కన్ను అని అర్థం. మనం కిటికీని గవాక్షం అంటాం, అంటే ఆవు కన్ను. ఎక్కడి ఉత్తర సముద్రం, ఎక్కడి మనం! గోడకు కన్ను పెట్టాలన్న ఊహ ఇద్దరికీ వచ్చింది.

ఇంగ్లండులో మొదట అచ్చుపని పెట్టిన కాక్స్‌టన్ 1490లో ఒక ముచ్చట రాశాడు. ఉత్తరాది వర్తకులు కొందరు గాలి వీచక కెంట్ తీరంలో దిగి ఒక ఇల్లాలిని 'ఎగ్స్' ఇమ్మన్నారట. ఆమె, నాకు ఫ్రెంచి రాదయ్యా అందట. దక్షిణాదిలో గుడ్లను అప్పటికి 'ఐరెన్' అనేవారు. చివరికి గెలిచింది వలస వచ్చినవాళ్ల మాటే. ఎందుకు గెలిచింది? వాళ్లు తలుపులు మూసుకుని తమలో తాము మాట్లాడుకున్నందుకు కాదు. పొరుగువాడు ఆ మాట తీసుకుని తనది చేసుకున్నందుకు. పరాయి నేల మీద భాషకు ఇంటి లోపల ఒక ఆయుష్షు, ఇంటి బయట ఒక ఆయుష్షు ఉంటాయి. రెండోదే ఎక్కువకాలం నిలుస్తుందని విర్రల్ చెబుతోంది.

చివరిది, మనం జాగ్రత్తగా వినవలసింది, ఇంటిపేర్ల సంగతి. విర్రల్‌లో పెరిగిన స్టీఫెన్ హార్డింగ్ అనే శాస్త్రవేత్త, లెస్టర్ విశ్వవిద్యాలయం వారితో కలిసి వైకింగుల రక్తం అక్కడ ఇంకా ఉందా అని పరీక్షించారు. చిక్కేమిటంటే, లివర్‌పూల్ రేవు పెరిగిన కాలంలో ఎక్కడెక్కడివాళ్లో అక్కడ చేరారు. వీధిలో పోయేవాణ్ని ఆపి రక్తం తీస్తే పాత కథ తెలియదు. అందుకని వాళ్లు 1600కు ముందే ఆ ప్రాంతపు పాత జాబితాల్లో ఉన్న ఇంటిపేర్లు వెదికి, ఆ ఇంటిపేర్లు ఉన్న మగవాళ్లనే ఎంచుకున్నారు. ఇంగ్లండులో ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది, వై క్రోమోజోమూ తండ్రి నుంచే వస్తుంది. రెండూ జోడెద్దుల్లా నడుస్తాయి. 2008లో వెలువడిన ఫలితం ప్రకారం, ఆ పాత ఇంటిపేర్లవాళ్లలో తండ్రి వైపు వంశంలో స్కాండినేవియా పాలు సగం దాకా ఉండవచ్చు. ఊరికే ఆ ప్రాంతంలో ఉంటున్నవాళ్లను తీసుకుంటే ఆ పాలు అంతకన్నా తగ్గింది.

ఇక్కడ ఒక లోటూ ఉంది. ఈ పద్ధతిలో ఆడవాళ్ల వైపు నుంచి వచ్చినది లెక్కకే అందదు. తల్లి, నాయనమ్మ, అమ్మమ్మ, వాళ్ల పుట్టిళ్లు అన్నీ జాబితా బయటే ఉండిపోయాయి.

ఇది చదివినప్పటి నుంచి నాకు మన ఇళ్లే గుర్తుకొస్తున్నాయి. తమిళనాడులో పుట్టి పెరిగిన మన పిల్లల్లో చాలామందికి పేరు ముందు ఉండేది తండ్రి పేరులోని మొదటి అక్షరం. అది ఇక్కడి పద్ధతి, తప్పేమీ కాదు. నా సర్టిఫికెట్లలోనూ అంతే. అయితే అలా రెండు తరాలు గడిస్తే ఇంటిపేరు పెళ్లి శుభలేఖలో తప్ప మరెక్కడా కనిపించదు. మూడో తరానికి అక్కడా ఉండదు. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ల పేర్లు. ఆ పేరు పోతే, మనవాళ్లు ఏ ఊరు వదలి వచ్చారో చెప్పే ఒక్క గుర్తూ పోయినట్టే. ఇంగ్లండులో జాబితా రాసిన గుమాస్తాలు శిస్తు కోసం రాశారు. అయినా నాలుగు వందల ఏళ్ల తరువాత మనవళ్ల మనవళ్లకు పనికొచ్చింది. మన జాబితా మనమే రాసుకోవాలి.

మీ పిల్లలు తెలుగు మాట్లాడడం తగ్గిందని బెంగపడే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఇది. మాట్లాడించండి, తప్పకుండా. దానితోపాటు ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం తీసి మూడు పనులు చేయండి. ఒకటి, మీ ఇంటిపేరు, మీ అమ్మగారి పుట్టింటి పేరు, అమ్మమ్మగారి పుట్టింటి పేరు పూర్తిగా రాయండి. రెండు, మీ పొలాలకు, బావులకు, గట్లకు, వీధులకు మీ పెద్దలు వాడే తెలుగు పేర్లు రాయండి. బరంపురంలోనైనా, బళ్లారిలోనైనా, హోసూరులోనైనా అవి పట్టాల్లో ఉండవు, నోళ్లలోనే ఉంటాయి. మూడు, మీ ఇరుగుపొరుగు తమిళులు, కన్నడిగులు, ఒడియావారు, మరాఠీవారు మీ నుంచి తీసుకున్న తెలుగు మాట ఏదైనా ఉంటే, వాళ్ల నుంచి మీ ఇంట్లోకి వచ్చి కూర్చున్న మాట ఏదైనా ఉంటే, అవీ రాయండి.

రాసినది మన పత్రికకు పంపితే ఈ శీర్షికలోనే వరసగా వేద్దాం. అబ్రహాం హ్యూమ్‌కు దొరికినవి విరిగిన సూదులూ తెగిన నడికట్లే. ఆ జాలరులు వాటిని సముద్రంలోకి విసిరేయకుండా అలమర మీద పెట్టబట్టే ఇవాళ వైకింగుల మెల్స్ గురించి మనం చెప్పుకోగలుగుతున్నాం.